యువతులకు నాయకత్వ శిక్షణ: ముందు కుర్చీ ఖాళీ చేయించండి, తర్వాతే తరగతి పెట్టండి

నేను మొదటిసారి నిర్వహించిన శిక్షణ తరగతులను చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మూడు రోజులు, తొమ్మిది మంది వక్తలు, చివర్లో సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. ఆరు నెలల తర్వాత మా సంఘం సమావేశానికి వెళ్తే ఆ ఫొటోలోని అమ్మాయిల్లో నలుగురు కనిపించారు. ఇద్దరు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర పేర్లు రాసుకుంటున్నారు. ఒకమ్మాయి బ్యానర్ కడుతోంది. ఇంకొకామె మినిట్స్ రాస్తోంది. వేదిక మీద మాత్రం పాతవాళ్లే. నేర్పడంలో ఎక్కడో తప్పు చేశామని చాలా రోజులు అనుకున్నాను. తీరా చూస్తే నేర్పింది బాగానే నేర్పాం. దాన్ని వాడుకునే చోటే వాళ్లకు ఇవ్వలేదు.

యువజన ఉద్యమంలోనో, విద్యార్థి సంఘంలోనో, వాలంటీర్ల బృందంలోనో పనిచేస్తూ, అమ్మాయిల కోసం నాయకత్వ వర్క్‌షాప్ పెట్టాలనుకుంటున్నారా? ఈ వరుసలో వెళ్లండి. వర్క్‌షాప్ కంటే ముందూ వెనకా ఉన్న పనే ఎక్కువ. అది విసుగు పుట్టించే పని కాబట్టే చాలామంది దాన్ని వదిలేస్తారు.

1. మొదట కార్యవర్గం దగ్గరికి వెళ్లండి

గత ఏడాది మినిట్స్ పుస్తకం తెప్పించుకుని, ఒక్కో సమావేశానికీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. అధ్యక్షత ఎవరు వహించారు? ఎవరెవరు మాట్లాడినట్టు రాసి ఉంది? నోట్స్ ఎవరు రాశారు? అందరూ వెళ్లిపోయాక హాలు ఎవరు సర్దారు? చివరి ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు, ఆ రోజు ఉన్నవాళ్లను అడగాలి. ఈ లెక్కంతా ఒకే పేజీలో రాసి కార్యవర్గం ముందు పెట్టండి. వ్యాఖ్యానం అక్కర్లేదు. అంకెలు చూశాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు, ఆ కాసేపు మీరూ మాట్లాడకండి.

తర్వాత వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "మేం వద్దన్నామా? అమ్మాయిలే ముందుకు రారండీ." దీనికి నేను చెప్పే జవాబు వందేళ్ల కిందటిది. 1909లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో బాయ్ స్కౌట్ల ర్యాలీ జరిగింది. పిలుపు లేకపోయినా కొంతమంది అమ్మాయిలు వచ్చి, మేమూ స్కౌట్లమే, మాకూ చోటు కావాలన్నారు. స్కౌట్లలో కలుపుకోలేదు గానీ, మరుసటి ఏడాది 1910లో వాళ్ల కోసం విడిగా గైడ్స్ సంస్థ మొదలైంది. స్కౌటింగ్ స్థాపకుడు బాడెన్-పావెల్ చెల్లెలు ఆగ్నెస్ దాని బాధ్యత తీసుకున్నారు. ముందుకు వచ్చే అమ్మాయిలు అప్పుడూ ఉన్నారు. గేటు దగ్గర ఏం జరిగిందన్నదే ప్రశ్న.

ఇక అసలు సంగతి. వర్క్‌షాప్ తేదీ వేసేలోపు కార్యవర్గం చేత ఒక తీర్మానం చేయించుకోండి. "మహిళలను ప్రోత్సహిస్తాం" లాంటి వాక్యం వద్దు, దానితో ఎవరికీ పని పడదు. ఏ బాధ్యతలు ఖాళీ అవుతాయో పేరుపేరునా రాయించండి. ఉదాహరణకు: వచ్చే నాలుగు నెలవారీ సమావేశాల్లో రెండింటికి శిక్షణ పొందిన యువతులు అధ్యక్షత వహిస్తారు. బ్యాంకు ఖాతాలో రెండో సంతకం ఒక యువతిది. పత్రికలతో మాట్లాడే ముగ్గురిలో ఒకరు యువతి. ఏదో ఒక ప్రచార కార్యక్రమం బడ్జెట్‌తో సహా పూర్తిగా వాళ్ల చేతుల్లో ఉంటుంది.

ఈ తీర్మానానికి ఒప్పుకోకపోతే? నా సలహా మొహమాటం లేకుండా చెబుతున్నాను, వర్క్‌షాప్ వాయిదా వేయండి. ఆశ పెట్టి, తిరిగి వెళ్లాక బ్యానర్ కట్టమంటే ఆ అమ్మాయి ఉద్యమానికే దూరమవుతుంది. మా మొదటి బ్యాచ్‌లో సగం మంది అలాగే వెళ్లిపోయారు.

2. ఎవరిని పిలవాలి

ఒక బ్యాచ్‌కు పదహారు నుంచి ఇరవై మంది. అంతకు మించితే ప్రతి ఒక్కరూ రోజుకు రెండుసార్లయినా లేచి నిలబడి ఏదైనా చేసే వీలుండదు. చూస్తూ కూర్చునే శిక్షణతో నాయకత్వం రాదు.

ఎంపికలో మనం మామూలుగా చేసే పొరపాటు, బాగా మాట్లాడే అమ్మాయినే పంపడం. ఆమెకు ఇప్పటికే చోటు దొరికింది. సమావేశం అయ్యాక బయట నలుగురూ ఎవరి చుట్టూ చేరుతున్నారు, గొడవ వస్తే ఇద్దరూ ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, ఊరేగింపు రోజున ఎవరికి ఎక్కడ నిలబడాలో ఎవరు చెబుతున్నారు, అది చూడండి. మైకు పట్టుకోవడం నేర్పడం తేలిక. నలుగురి నమ్మకాన్ని మాత్రం ఏ తరగతిలోనూ నేర్పలేం.

అమెరికాలో పౌరహక్కుల ఉద్యమ కాలంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. నల్లజాతి వాళ్లకు ఓటు దక్కకుండా అక్షరాస్యత పరీక్ష అడ్డుపెట్టేవారు. దాన్ని దాటించడానికి 1957 జనవరిలో సౌత్ కరోలినాలోని జాన్స్ ఐలండ్‌లో పెద్దవాళ్ల కోసం ఒక బడి మొదలుపెట్టారు. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన సెప్టిమా క్లార్క్ స్వయంగా అనుభవమున్న ఉపాధ్యాయురాలు. అయినా ఆ బడిలో పాఠం చెప్పడానికి టీచర్‌ను వెతకలేదు, బ్యూటీషియన్‌గా పనిచేసే బెర్నీస్ రాబిన్సన్‌ను ఒప్పించారు. రాబిన్సన్‌కు బోధనలో అనుభవం లేదు. మనుషుల మాట వినే ఓపిక ఉంది, వచ్చినవాళ్లను చిన్నబుచ్చే అలవాటు లేదు. ఆ ఒక్క బడి నమూనాతో తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో ఎన్నో పౌరసత్వ పాఠశాలలు వచ్చాయి.

ఒక్కో శాఖ నుంచి ఇద్దరిని పిలవండి. ఒక్కరే వస్తే తిరిగి వెళ్లాక ఆమె కొత్త మాట ఒంటరి గొంతు అవుతుంది. పక్కన ఇంకొకరుంటే "అవును, నేనూ అదే అంటున్నా" అనే మనిషి దొరుకుతుంది.

ఆహ్వానాన్ని గ్రూపులో పోస్ట్ చేసి ఊరుకోకండి. విడివిడిగా కలిసి, "నిన్నే ఎందుకు అడుగుతున్నామంటే..." అని కారణం చెప్పండి. ఆమె చేసిన ఒక పనిని గుర్తుచేసి చెప్పండి. "నాకు రాదండీ, ఇంకెవరినైనా చూసుకోండి" అనే జవాబు తప్పకుండా వస్తుంది. దాన్ని కాదనే జవాబుగా తీసుకోకండి. అలాగని బతిమాలకండి కూడా. "ఏది రాదనుకుంటున్నావు?" అని అడగండి. వచ్చిన జవాబులన్నీ రాసుకోండి. మీ టైమ్‌టేబుల్‌కు ముడిసరుకు అదే.

3. తేదీ, చోటు, భద్రత

పరీక్షల తేదీలు, ఉద్యోగాల షిఫ్టులు ముందు కనుక్కోండి. తర్వాత చోటు. మెట్లు ఎక్కలేని వాళ్లు రాగలరా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉండి లోపల గడియ పడుతుందా, శానిటరీ ప్యాడ్లు అడగకుండానే దొరికే చోట పెట్టారా, చంటిపిల్లల తల్లి వస్తే బిడ్డను చూసుకునే మనిషి ఉందా. ఇవి చిన్న విషయాలని కార్యవర్గంలో ఎవరో ఒకరు అంటారు. అన్నవాళ్లకే ఆ పని అప్పగించండి.

సాయంత్రం ఎన్ని గంటలకు ముగుస్తుందో ముందే చెప్పి, ఆ గంటకే ముగించండి. ఇంటికి చేరేసరికి ఆలస్యమైతే ఆ అమ్మాయికి రెండో రోజు ఉండకపోవచ్చు. ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సి వస్తే ఆమె అనుమతితోనే, ఆమె ఎదుటే మాట్లాడండి. ఆమె వెనక చేసే ఫోన్ ఎంత మంచి ఉద్దేశంతో చేసినా నమ్మకాన్ని చెడగొడుతుంది.

వయసు విషయం జాగ్రత్త. ఐక్యరాజ్యసమితి గణాంకాల్లో యువత అంటే 15 నుంచి 24 ఏళ్లు. బాలల హక్కుల ఒడంబడిక (1989) ప్రకారం 18 నిండని వాళ్లు పిల్లలు. అంటే మీరు 'యువతులు' అని పిలిచిన వాళ్లలో కొందరు పిల్లలే. వాళ్లకు తల్లిదండ్రుల లేదా సంరక్షకుల రాతపూర్వక అనుమతి కావాలి. ఏ పెద్ద మనిషీ ఒక్క పిల్లతో తలుపులు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. రాత్రి బస ఉంటే కనీసం ఇద్దరు మహిళా నిర్వాహకులు అక్కడే పడుకోవాలి. ఫొటోలకు విడిగా అనుమతి అడగండి. రావడానికి ఒప్పుకున్నంత మాత్రాన ఆన్‌లైన్‌లో కనిపించడానికి ఒప్పుకున్నట్టు కాదు.

వేధింపులు, అసభ్య ప్రవర్తన ఎదురైతే ఎవరికి చెప్పాలో మొదటి రోజే గోడ మీద రాసి పెట్టండి. రెండు పేర్లు ఉండాలి, అందులో ఒకరు మీ సంఘానికి సంబంధం లేని మనిషి అయి ఉండాలి. ఎందుకంటే ఫిర్యాదు మీ పెద్ద నాయకుడి మీదే రావచ్చు. ఆ మాట చదవగానే "మా దగ్గర అలాంటివి ఉండవు" అని మీకు అనిపిస్తే, ఆ గోడ కాగితం మీ సంఘానికే ఎక్కువ అవసరం.

4. టైమ్‌టేబుల్‌లో ఉపన్యాసాలు కోసేయండి

నేను పాటించే కొలత ఇది. మొత్తం సమయంలో శిక్షకుల గొంతు మూడో వంతు దాటకూడదు. ప్రముఖ వక్తలు వస్తామంటే సంతోషించి, ఇరవై నిమిషాలు ఇచ్చి, మిగతా గంట ప్రశ్నలకే ఉంచండి. ముందుగా ఆ సంగతి వాళ్లకు చెప్పండి. కొందరు రానంటారు, ఫర్వాలేదు.

వరుసగా ఐదు రోజుల శిబిరం కంటే మూడు ఆదివారాలు, మధ్యలో రెండేసి వారాల ఎడం మంచిది. మొదటి ఆదివారం నేర్చుకున్నది తమ శాఖలో చేసి చూస్తారు, అది బెడిసికొడుతుంది, రెండో ఆదివారం ఆ బెడిసికొట్టిన కథతో వస్తారు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. డేవిడ్ కోల్బ్ 1984లో రాసిన అనుభవాత్మక అభ్యసన సిద్ధాంతం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది: చేయడం, చేసినదాన్ని తిరిగి చూసుకోవడం, దాంట్లోంచి సూత్రం తీయడం, మళ్లీ చేసి చూడటం. వరుస శిబిరంలో మొదటి, చివరి మెట్లకు చోటే ఉండదు. దూరాల వల్ల మూడుసార్లు రావడం కుదరదంటే రెండు రోజుల శిబిరం పెట్టి, నెల తర్వాత ఒక్కరోజు మళ్లీ కలవండి.

బృందాలు చిన్నగా ఉండాలి. గైడ్స్‌లో మొదటి నుంచీ ఉన్న 'పెట్రోల్' (patrol, అంటే చిన్న జట్టు) పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. ఆరుగురు నుంచి ఎనిమిది మంది ఒక జట్టు, వాళ్లలోంచే ఒకరు నాయకురాలు, పనులన్నీ జట్టు లోపలే పంచుకుంటారు. నేను దానికి ఒక మార్పు చేస్తాను. ప్రతి పూటకూ నాయకురాలు మారుతుంది. పగ్గాలు పట్టుకోవడం ఎంత ముఖ్యమో, మధ్యాహ్నానికి వదిలేసి ఇంకొకరి మాట వినడం అంత ముఖ్యం. నిజానికి రెండోదే చాలామందికి కష్టం, నాతో సహా.

5. మొదటి గంట

ఒక్కొక్కరినీ నిలబెట్టి "మీ గురించి చెప్పండి" అంటే సగం మందికి గొంతు పెగలదు, తమ వంతు వచ్చేవరకూ టెన్షన్‌తో పక్కవాళ్ల పేర్లు కూడా వినరు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. తర్వాత ఒకరిని ఒకరు పరిచయం చేయాలి. తన గురించి చెప్పలేని అమ్మాయి కూడా పక్కమ్మాయి గురించి గట్టిగా చెబుతుంది. అందులోనే ఆమె మొదటి ప్రసంగం అయిపోతుంది, అది ప్రసంగమని ఆమెకు తెలియకముందే.

నియమాలు వాళ్లే రాసుకోవాలి. ఒక్కటి మాత్రం మీరు పట్టుబట్టి చేర్చండి: ఇక్కడ చెప్పుకున్న సొంత సంగతులు బయటికి పోకూడదు. దానికి మినహాయింపు కూడా అప్పుడే చెప్పాలి. ఎవరికైనా హాని జరుగుతోందని తెలిస్తే, ముఖ్యంగా 18 ఏళ్లలోపు వాళ్లకు, బాధ్యులకు చెప్పక తప్పదు.

6. రిహార్సల్: వర్క్‌షాప్‌కు గుండెకాయ

టైమ్‌టేబుల్‌లో మిగతావన్నీ తగ్గించినా దీన్ని తగ్గించకండి. నాష్‌విల్ విద్యార్థుల సంగతి అందుకే చెప్పాలి. 1959లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఉన్న ఆ నగరంలో జేమ్స్ లాసన్ అనే యువకుడు కాలేజీ విద్యార్థులకు అహింసా పోరాటంలో వర్క్‌షాప్‌లు నడిపారు. నల్లజాతి వాళ్లకు వడ్డించని లంచ్ కౌంటర్లలో వెళ్లి కూర్చోవాలన్నది పథకం. దానికోసం గదిలో కుర్చీలు వేసి కౌంటర్‌లా అమర్చారు. కొందరు కూర్చునేవాళ్లు, మిగతావాళ్లు వాళ్లను తిట్టేవాళ్లు, తోసేవాళ్లు. అలా నెలల తరబడి సాధన చేశాకే 1960 ఫిబ్రవరిలో అసలు కౌంటర్ల ముందు కూర్చున్నారు. ఆ విద్యార్థులు తమ కమిటీకి నాయకురాలిగా ఎంచుకున్న డయాన్ నాష్ వయసు అప్పటికి ఇరవై ఒకటి. తాను ఎంత భయపడ్డారో ఆమె తర్వాత చాలాసార్లు చెప్పారు. ఏప్రిల్‌లో ఆమే సిటీ హాల్ మెట్ల మీద నగర మేయర్‌ను అందరి ముందూ నిలబెట్టి, రంగును బట్టి మనిషిని వేరు చేయడం తప్పా కాదా అని సూటిగా అడిగారు. తప్పేనని ఆయన ఒప్పుకున్నారు. మే నెలలో కౌంటర్లు తెరుచుకున్నాయి. ఆ మెట్ల మీద అడిగిన ప్రశ్న వెనక ఎన్ని రిహార్సల్స్ ఉన్నాయో ఆలోచించండి.

మీరు చేయించాల్సిన రిహార్సల్స్‌లో మొదటిది సమావేశం నడపడం. ఎనిమిది మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు అధ్యక్షురాలు. మిగతావాళ్లకు ఒక్కో చీటీ ఇవ్వండి, పక్కవాళ్లకు చూపించకూడదు. "ప్రతి మాటకూ మధ్యలో అడ్డుపడు." "చెప్పిందే చెబుతూ ఐదు నిమిషాలు మాట్లాడు." "ఫోన్ చూసుకుంటూ ఉండు." "నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసు అను." "ఒక మంచి ఆలోచన చెప్పు, కానీ చాలా మెల్లగా చెప్పు." ఒక నిజమైన ఎజెండా ఇచ్చి పదిహేను నిమిషాల్లో రెండు నిర్ణయాలు తీసుకోమనండి.

మొదటిసారి అధ్యక్షురాలు మునిగిపోతుంది. నవ్వులాటగా మారుతుంది కూడా. మారనివ్వండి, ఆ నవ్వులో భయం పోతుంది. తర్వాత అందరూ కలిసి, ఏ మాటతో ఆపవచ్చో వెతకాలి. మా బ్యాచ్‌లు పోగుచేసిన మాటల్లో కొన్ని:

"అన్నా, ఒక్క నిమిషం. నా మాట పూర్తి చేస్తాను."
"మీరు చెప్పింది రాసుకున్నాను. ఇంకా ఇద్దరు చేయెత్తారు, వాళ్లను విందాం."
"ఇది ఎజెండాలో లేదు. చివర్లో టైమ్ ఉంటే తీసుకుందాం."
"నా వయసు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ ఖర్చు సంగతి తేల్చండి."

ఈ వాక్యాలను కాగితం మీద చదివితే సరిపోదు. గొంతులోంచి పదిసార్లు బయటికి రావాలి. అసలు సమావేశంలో గుండె దడదడలాడుతున్నప్పుడు కొత్త వాక్యం తట్టదు, అలవాటైనదే వస్తుంది. గొంతు పెంచకుండా, నవ్వి తేలిక చేయకుండా చెప్పించండి. మన అమ్మాయిలు గట్టి మాట చెప్పి వెంటనే సారీ అన్నట్టు నవ్వుతారు. ఆ నవ్వు మాన్పించడానికి నాకు ఒక్కోసారి పూటంతా పట్టింది.

మెల్లగా చెప్పిన మంచి ఆలోచన చీటీ ఉందే, దాన్ని ప్రత్యేకంగా గమనించండి. సాధారణంగా ఎవరూ వినరు, ఐదు నిమిషాల తర్వాత అదే ఆలోచన ఇంకొకరి పేరు మీద వస్తుంది. ఒబామా హయాంలో వైట్‌హౌస్‌లో పనిచేసిన మహిళా ఉద్యోగులు దీనికి ఒక ఉపాయం పాటించారని 2016లో పత్రికల్లో వచ్చింది. ఒకామె ముఖ్యమైన మాట చెబితే, ఇంకొకామె ఆ మాటను ఆమె పేరుతో సహా మళ్లీ చెప్పేది. అప్పుడు ఆ మాటను పక్కన పెట్టడమూ కుదరదు, సొంతం చేసుకోవడమూ కుదరదు. శాఖకు ఇద్దరిని పిలవమన్నది ఇందుకు కూడా.

రెండో రిహార్సల్ ప్రసంగం. దీని గురించి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మొదట ఒక నిమిషం, తర్వాత మూడు నిమిషాలు, కాగితం చూడకుండా. విషయం "మహిళా సాధికారత" వద్దు. "మా శాఖలో ఈ నెల మారాల్సిన ఒక్క సంగతి" చాలు. ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్లు ఒక మంచి, ఒక మార్పు మాత్రమే చెప్పాలి. బట్టల గురించి, రూపం గురించి, యాస గురించి వ్యాఖ్యలు నిషేధం.

మూడోది అడగడం. నిధులు అడగడం, హాలు అడగడం, అధికారి దగ్గర అనుమతి అడగడం. ఒకరు అడుగుతారు, ఒకరు కాదంటారు. "కాదు" విన్నాక ఏం చేయాలన్నదే సాధన. కారణం అడగాలి, తక్కువలో ఏది వీలవుతుందో అడగాలి, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ తీసుకుని లేవాలి.

నాలుగోది ఆన్‌లైన్ దాడి. ఒక అమ్మాయి నాయకురాలిగా కనిపించగానే ఆమె ఫొటో కింద వచ్చే మాటలు మీకు తెలుసు. దీన్ని రోల్‌ప్లేగా చేయించకండి, గాయం రేగుతుంది. బదులుగా పనులు పంచండి. ఆమె స్వయంగా ఆ కామెంట్లు చదవనక్కర్లేదు. ఇంకొకరు స్క్రీన్‌షాట్లు తీసి తేదీతో భద్రపరుస్తారు, మరొకరు రిపోర్ట్ చేస్తారు, బెదిరింపు అయితే ఎవరు వెంట వెళ్లి పోలీసు ఫిర్యాదు ఇప్పిస్తారో ముందే తేలాలి. జవాబు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఆమె ఇష్టం.

7. డబ్బు లెక్క

నాయకత్వ శిక్షణల్లో డబ్బు గురించి చెప్పరు. చెప్పకపోవడం వల్ల ఏమవుతుందంటే, అధ్యక్షురాలు అమ్మాయే అయినా ఖర్చు నిర్ణయాలు కోశాధికారి దగ్గరే ఆగిపోతాయి. పోయిన ఏడాది మీ సంఘం అసలు ఖాతా పుస్తకాన్ని బల్ల మీద పెట్టండి. నకలు కాదు, అదే పుస్తకం. రాబడి ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఖర్చుకు రసీదు లేదు, ఏ నెలలో చేతిలో డబ్బు అయిపోయింది, జట్లుగా కూర్చుని తేల్చమనండి. ఆ తర్వాత వాళ్లకు అప్పగించబోయే కార్యక్రమానికి బడ్జెట్ వేయించండి. ఒకసారి ఈ పని చేయిస్తే మా జట్టు రసీదులు లేని మూడు ఖర్చులు పట్టుకుంది. కార్యవర్గానికి ఆ రోజు అంత సరదాగా గడవలేదు.

8. అబ్బాయిల సంగతి

వర్క్‌షాప్ అమ్మాయిలకే. మగ శిక్షకులు ఒకటి రెండు తరగతులు చెప్పవచ్చు గానీ, రిహార్సల్స్ జరిగేటప్పుడు గదిలో వద్దు. అయితే కార్యవర్గంలోని మగవాళ్లకు విడిగా ఒక పూట పెట్టాలి. అందులో సిద్ధాంతాలు చెప్పనక్కర్లేదు, పనులు చెప్పండి చాలు. మినిట్స్ రాయడం ఇకపై వంతులవారీగా. హాలు సర్దడం వంతులవారీగా. ఒకరు మాట్లాడుతుంటే అడ్డుపడకూడదు. అధ్యక్షురాలు "తర్వాత" అంటే తర్వాతే. రాత్రి పొద్దుపోయాక ఎక్కడో కూర్చుని నిర్ణయాలు తీసుకునే అలవాటు ఉంటే, అది మానాలి. అమ్మాయిలు లేని చోట అసలు సమావేశం జరిగిపోయి, పగటిపూట దానికి ముద్ర వేయించుకోవడమే చాలా సంఘాల్లో నిజమైన అడ్డంకి.

9. తిరిగి వెళ్లాక

టెన్నెసీలో 1932లో మొదలైన, ఉద్యమకారులకు శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్‌లో వర్క్‌షాప్ ముగిసేటప్పుడు ఒక ప్రశ్న అడిగే అలవాటు ఉండేది: ఇంటికి వెళ్లి ఏం చేస్తారు? 1955 వేసవిలో అక్కడికి వచ్చిన నల్లజాతి హక్కుల కార్యకర్త రోజా పార్క్స్‌నూ అడిగారు. తన ఊరు మాంట్‌గోమరీలో పెద్దగా ఏమీ జరుగుతుందనుకోవడం లేదని, తాను మాత్రం యువజన బృందంతో పని కొనసాగిస్తానని ఆమె చెప్పారు. ఆ డిసెంబర్ 1న ఆమె బస్సులో తెల్లజాతి ప్రయాణికుడికి సీటు వదలడానికి నిరాకరించారు, దాంతో ఆ ఊళ్లో నల్లజాతి వాళ్లు బస్సులనే బహిష్కరించారు. నాకు ఇందులో నచ్చేది ఆమె జవాబు. గొప్ప ప్రతిజ్ఞ ఏమీ చేయలేదు. తన చేతిలో ఉన్న పని చెప్పారు.

మీ చివరి గంటలో కూడా ప్రతిజ్ఞలు వద్దు. ఒక్కొక్కరూ ఒక కార్డు మీద మూడే రాయాలి: ఏ పని, ఏ తేదీలోపు, ఎవరి సాయంతో. మొదట్లో చేయించిన తీర్మానంలోని బాధ్యతలను ఇప్పుడు పేర్లతో నింపండి. ఆ కాగితాన్ని అక్కడే కార్యదర్శి చేతికి ఇవ్వండి, ఆయన దాన్ని అందరి ముందూ చదవాలి.

పదో రోజున ఫోన్ చేయండి. "ఎలా ఉన్నావు?" అని మొదలుపెట్టినా, కార్డు మీది పని అడగకుండా పెట్టేయకండి. పని మొదలుకాకపోతే ఎక్కడ ఆగిందో కనుక్కోండి. చాలాసార్లు ఆమె దగ్గర ఆగి ఉండదు. తాళం చెవి ఇవ్వలేదు, పాస్‌వర్డ్ చెప్పలేదు, సంతకం మార్పు ఫారం బ్యాంకుకు వెళ్లలేదు. అవి మీరు పూర్తి చేయించాల్సిన పనులు.

వర్క్‌షాప్ చివర్లో నింపించే అభిప్రాయ పత్రాలను మరీ నమ్మకండి. అందరూ బాగుందనే రాస్తారు, మొహమాటం. మూడు నెలలకూ ఆరు నెలలకూ మళ్లీ మినిట్స్ పుస్తకం తీయండి. మొదట వేసుకున్న నాలుగు ప్రశ్నలే మళ్లీ వేసుకోండి. ఇరవై మందిలో ఎందరు ఇంకా సంఘంలో ఉన్నారో, వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారో రాయండి. వెళ్లిపోయినవాళ్లకు ఫోన్ చేసి అడగడం ఇబ్బందిగానే ఉంటుంది. నాకు పనికొచ్చిన సమాచారం మాత్రం ఎక్కువగా వాళ్ల దగ్గరే దొరికింది.

10. రెండో బ్యాచ్

దాన్ని మీరు నడపకండి. మొదటి బ్యాచ్ నుంచి ముగ్గురిని ఎంచుకుని, ఫైలు మొత్తం అప్పగించండి: ఆహ్వానితుల జాబితా నమూనా, అనుమతి పత్రాలు, చీటీలు, బడ్జెట్, హాలు వాళ్లతో మాట్లాడిన తేదీలు, మీరు చేసిన తప్పుల జాబితా. ఈ చివరిది రాయడం మర్చిపోకండి, వాళ్లు ముందు చదివేది దాన్నే. వాళ్లు పిలిస్తే వెళ్లండి, వెనక వరుసలో కూర్చోండి, అడిగినప్పుడే మాట్లాడండి.

మా రెండో బ్యాచ్‌లో వాళ్లు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. పద్దెనిమిదో నిమిషంలో అధ్యక్షురాలు చీటీ పంపింది, ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయని.